ఇంటి కింద రహస్య గది: డబ్బు లెక్క ఏం చెబుతోంది?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీలో నాన్నగారు కట్టిన ఇల్లు. నేను ఇంటి నుంచే డబ్బింగ్, ఆడియో ఎడిటింగ్ పని చేస్తాను. రోడ్డు చప్పుడు పడలేక, ఖరీదైన పరికరాలకు దొంగల భయం కూడా ఉండడంతో, హాలు కింద 250 చదరపు అడుగుల గది తవ్వించి, దారి బీరువా వెనక పెట్టిద్దామనుకుంటున్నాను. కాంట్రాక్టరు 16 లక్షలు అడిగాడు. ప్లాన్ అక్కర్లేదు, ఎవరికీ తెలియదు అంటున్నాడు. 9 లక్షల ఎఫ్‌డీలో 6 లక్షలు తీసి, మిగతా 10 లక్షలకు పర్సనల్ లోన్ పెట్టాలని ఉంది. నెలాఖరుకు 2 లక్షలు అడ్వాన్సు ఇవ్వాలి. మంచిదేనా?

జవాబు: నిశ్శబ్దమే మీ పనికి పెట్టుబడి. అందుకని ఆ కోరికను నేను తప్పుపట్టను. దొంగల కంట పడకుండా తలుపు దాచుకోండి, అందులో తప్పేమీ లేదు. కానీ జీవీఎంసీకి (విశాఖ నగరపాలక సంస్థకు), బ్యాంకుకు, బీమా కంపెనీకి తెలియకుండా గది కడితే ఆ భారమంతా మీ జేబు మీదే పడుతుంది.

ముందు అప్పు సంగతి. ప్లాన్ లేకపోతే గృహ రుణం రాదు కాబట్టే మీరు పర్సనల్ లోన్ వైపు చూస్తున్నారు. 10 లక్షలకు 14 శాతం వడ్డీతో అయిదేళ్లంటే ఈఎంఐ దాదాపు 23,270 రూపాయలు. అదే అప్పు 9 శాతానికి దొరికితే 20,760. అయిదేళ్లలో తేడా లక్షన్నర. గది దాచినందుకు మీరు కట్టే మొదటి రుసుము ఇదే. ఇంటి ఖర్చు నెలకు 50 వేలు అనుకున్నా, ఈఎంఐతో కలిపి 73 వేలు దాటుతుంది. మిగిలిన 3 లక్షల ఎఫ్‌డీ నాలుగు నెలలకు చాలుతుంది, అంతే. మీ పనిలో డబ్బు ప్రతినెలా ఒకేలా రాదు కదండీ.

రెండోది నీళ్లు. మీ కాలనీ సముద్రానికి దగ్గర. మీ వీధిలో సంపు తవ్వించిన వాళ్లను అడగండి, ఎన్ని అడుగుల్లో ఊట తగిలిందో, అది ఏ నెలలోనో. వేసవిలో పొడిగా కనిపించిన గుంత అక్టోబరు, నవంబరు వానలకు అలాగే ఉండదు. కట్టి ఉన్న ఇంటి కింద తవ్వడమంటే పాత పునాదికి ఆసరా పెట్టాలి, చుట్టూ కాంక్రీటు గోడ లేపాలి, వాటర్‌ప్రూఫింగ్ చేయించాలి, గాలి ఆడే ఏర్పాటు, రెండో దారి, ఊట తోడే మోటారు కావాలి. ఆ మోటారుకు ఇన్వర్టర్ కూడా ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు మోటారు ఆగిందంటే మీ మైకులు, కంప్యూటర్లు నీళ్లలోనే. కాంట్రాక్టరు చెప్పిన 16 లక్షల్లో వీటిలో ఏవేవి ఉన్నాయో కాగితం మీద రాయించుకున్నారా? చదరపు అడుగుకు 6,400 పడుతున్నా, ఇవన్నీ అందులో ఉన్నాయని నాకు నమ్మకం లేదు.

బీమా దగ్గరా ఇదే చిక్కు. ప్లాన్‌లో లేని గదిలో నష్టం జరిగితే క్లెయిమ్ మీద గొడవ తప్పదు. రేపు ఇల్లు అమ్మినా, కొనేవాళ్ల బ్యాంకు ఆమోదించిన ప్లాన్ చూసే విలువ కడుతుంది, కింది గదికి పైసా రాదు. సరైన బిల్లులుంటే ఆ ఖర్చును మూలధన లాభాల (ఇల్లు అమ్మితే వచ్చే లాభంపై పన్ను) లెక్కలో చూపుకోవచ్చు. చేతికి నగదిచ్చి కట్టిస్తే ఆ వీలూ పోతుంది.

నన్నడిగితే, ముందు స్ట్రక్చరల్ ఇంజినీరుతో పునాది, మట్టి పరీక్ష చేయించండి. ఆ తర్వాత జీవీఎంసీ టౌన్ ప్లానింగ్ విభాగంలో అనుమతి వస్తుందో లేదో కనుక్కోండి. సెల్లార్‌ను ప్రధానంగా పార్కింగ్ కోసమే చూస్తారు కాబట్టి పని గదికి అనుమతి రాకపోవచ్చని ముందే అనుకోండి. రాకపోతే, రోడ్డుకు దూరంగా ఉన్న పడకగదికి రెండో పొర గోడ, బరువైన తలుపు, సీలింగ్ చేయించుకోండి. ఎఫ్‌డీలో 3 లక్షలకు మించి తీయకుండా అయ్యే పని అది, అప్పు అక్కర్లేదు. పరికరాలకు విడిగా బీమా తీసుకుని, సీరియల్ నంబర్లు, బిల్లులు ఫొటో తీసి దాచండి.

ఈ నెలాఖరు అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. ఇంజినీరు రిపోర్టు చేతికొచ్చేదాకా కాంట్రాక్టరును ఆగమనండి.