నాలుగు రోజుల నిప్పు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అమ్మాయి కెనడాలోని ఒంటారియోలో ఎం.ఎస్. చదువుతున్నది. ఆ మధ్య కాలేజీ ఆవరణలో ఒక గుడారం కింద పగలూ రాత్రీ ఆరకుండా మండుతున్న నిప్పును చూసిందట. అక్కడి మూలవాసుల పెద్దాయన ఒకరు చనిపోయారని, ఆయన కోసం అది నాలుగు రోజులు మండుతుందని చెప్పారట. నిప్పు దగ్గర కూర్చున్న అబ్బాయి మా అమ్మాయి ఎడమచేతిలో చిటికెడు పొగాకు పెట్టి, మనసులో ఏదైనా తలచుకొని అందులో వేయమన్నాడట. వేసింది. ఫోటో కోసం ఫోను ఎత్తగానే మాత్రం వద్దన్నాడట. ఎడమచేత్తో, అందులోనూ పొగాకు! ఇందులో ఏమైనా దోషం ఉన్నదా? అది మన హోమం లాంటిదేనా? – ఒక తల్లి, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా మీ మనసు కుదుటపడే మాట చెబుతాను. మీ అమ్మాయి ఏ తప్పూ చేయలేదు. పిలిచి చేతిలో పెడితే తీసుకున్నది, చెప్పిన తీరుగా నిప్పుకు సమర్పించింది, వద్దంటే ఫోను దించింది. పరాయి ఇంటి కార్యానికి వెళ్లినవారు పాటించవలసిన మర్యాద అంతకంటే వేరే లేదు.

ఒంటారియోలో, అక్కడి పెద్ద సరస్సుల చుట్టూ, అనిషినాబే అనే మూలవాసులు అనాదిగా ఉంటున్నారు. వారిలో ఓజిబ్వే, ఒడావా, పొటావాటమీ అనే మూడు జాతుల కూటమికి ‘మూడు నిప్పుల సభ’ అని పేరు. పొటావాటమీ అనే పేరుకే నిప్పును కాపాడేవారు అని అర్థం చెబుతారు. వారికి పొరుగున ఉండే హోడెనొషోనీ కూటమిలో ఆరు జాతులున్నాయి. వాటిలో ఒనొండాగా వారిది నడిమి నిప్పును కాపాడే బాధ్యత, కూటమి పెద్దలు సభకు కూడేది కూడా వారి దగ్గరే. సభ, ఒడంబడిక, చుట్టరికం, మొక్కు అని మనం వేరువేరు మాటలతో చెప్పుకునేవి వారి లోకంలో ఒకే నిప్పు చుట్టూ కూర్చుంటాయని దీన్నిబట్టి గ్రహించవచ్చు.

మీ అమ్మాయి చూసినది పోయినవారి కోసం వేసిన నిప్పు. మనిషి చనిపోయాక ఆత్మ నాలుగు రోజులు పడమటి దిక్కుగా నడిచి తన వారిని చేరుకుంటుందని అనిషినాబే పెద్దలు చెబుతారు. ఆ నాలుగు పగళ్లు, నాలుగు రాత్రులు దారిలో వెలుగు ఉండాలి కాబట్టి నిప్పు ఆరకూడదు. మన దగ్గర కూడా మనిషి పోయిన చోట దీపం పెట్టి, కర్మకాండ ముగిసేదాకా అది కొండెక్కకుండా ఇంట్లో ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉంటారు కదా. ఆ కనిపెట్టుకొని ఉండే మనిషే ఇక్కడ ముఖ్యం. అక్కడ అతడిని నిప్పు కాపరి అంటారు. ఎక్కువ చోట్ల ఇది మగవారి బాధ్యత. నీటిని కాపాడే బాధ్యత ఆడవారిది. అతడు వంతుల వారీగా నిద్ర మేల్కొని, కట్టె అందిస్తూ, వచ్చినవారికి పొగాకు ఇస్తూ, నిప్పు ఎదుట గొడవ గానీ తాగుడు గానీ లేకుండా చూసుకుంటాడు. చెత్త వేయనివ్వడు, చుట్ట పీక వేయనివ్వడు. మన కాముని దహనంలో ఇంటింటా అడిగి తెచ్చిన కట్టెలు, పిడకలు, విరిగిన సామాను అన్నీ మంటకెక్కుతాయి. పాతది కాలిపోవాలన్నది ఆ దహనంలోని భావం. అనిషినాబే నిప్పులో అలా కాదు, వేసే ప్రతిదీ ఎవరికో ఒకరికి చేరవలసిన కానుక.

ఇక పొగాకు సంగతి. ఆ మొక్క పుట్టిందే అమెరికా ఖండాలలో. అనిషినాబే భాషలో దాన్ని ‘అసేమా’ అంటారు. సీడారు చెట్టు ఆకు, సేజ్ అనే సువాసన మొక్క, స్వీట్‌గ్రాస్ అనే సువాసన గడ్డితో కలిపి వారికి నాలుగు పవిత్రమైన మందులు. వాటిలో మొదటిది పొగాకు. చెట్టు నుంచి బెరడు తీసేటప్పుడు, పెద్దలను సలహా అడిగేటప్పుడు, తెల్లవారి నదికి దండం పెట్టేటప్పుడు ముందుగా ఇచ్చేది అదే. నిప్పులో వేస్తే పొగతో పాటు మనసులోని మాట పైకి వెళుతుందని వారి నమ్మకం. మనకు ఆ ఆకు పడవలెక్కి సరుకుగా వచ్చింది. మన ఉత్తర తెలంగాణలో ఎందరో తల్లులు దాన్ని తునికాకులో చుట్టి, బీడీ కట్టలు లెక్కబెట్టి ఇల్లు నడిపారు. అందుకే పొగాకు అనగానే మనకు కూలీ, దగ్గు గుర్తొస్తాయి. అదే ఆకు అక్కడ అక్షింతల స్థానంలో ఉన్నది. ఎడమచేయి ఎందుకంటే అది గుండెకు దగ్గర. మనకు ఎడమచేయి ఎంగిలి పనులది కాబట్టి మీకు జంకు కలగడం సహజమే, కానీ ఆ నిప్పు దగ్గర ఎడమచేయి చాపడమే గౌరవం.

హోమం లాంటిదేనా అని అడిగారు. కొంతవరకు అవును. ఋగ్వేదం మొదటి మాటే ‘అగ్నిమీళే పురోహితం’. ఇచ్చిన హవిస్సును దేవతలకు చేర్చే పురోహితుడు అగ్ని అన్న ఆలోచన, పొగ ద్వారా మాట చేరుతుందన్న ఆలోచన దగ్గరి చుట్టాలే. అయితే మన ఇళ్లలో చేయించుకునే హోమం రెండు మూడు గంటల్లో పూర్ణాహుతితో ముగుస్తుంది. దానికి మంత్రం ముఖ్యం, పలికేవారు వేరు, కూర్చునేవారు వేరు. అనిషినాబే నిప్పు దగ్గర వచ్చిన ప్రతివారూ తమ భాషలో, తమ మౌనంలో మాట్లాడుకోవచ్చు. మీ అమ్మాయి తెలుగులో అనుకున్నది కూడా అక్కడ చెల్లుతుంది.

నన్నడిగితే దానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది హోమగుండం కాదు, మా నాయనమ్మ పొయ్యి. నర్సంపేట దగ్గరి మా ఊళ్లో రాత్రి వంటయ్యాక ఆమె పొయ్యిలోని పెద్ద నిప్పు కణికను ఒక మూలకు జరిపి, చేటెడు బూడిదను మెల్లగా దాని మీదికి నెట్టేది. మరీ అదిమితే చచ్చిపోతుంది, మరీ వదులుగా ఉంటే తెల్లారేసరికి కాలిపోతుంది. తెల్లవారుజామున పుల్లతో నివురు తీసి, పిడక ముక్క ఆనించి ఊదితే ఎర్రటి కన్ను తెరుచుకునేది. పక్కింటి వాళ్లు పిడక పట్టుకొని వచ్చి నిప్పు అడిగి తీసుకుపోయేవారు. దీపాలు పెట్టే వేళ దాటితే మాత్రం ఆమె ఎవరికీ నిప్పు ఇచ్చేది కాదు. ఆమె దాన్ని పూజ అనలేదు. అయినా నలభై ఏళ్లు ఆ పొయ్యి ఆమె చేతిలో ఆరలేదని మా నాన్న చెప్పేవాడు. ఒంటారియోలో రాత్రి రెండు గంటలకు దుప్పటి కప్పుకొని కట్టె జరిపే ఆ అబ్బాయి పని ఏమిటో నాకు ఆ చేతుల వల్లనే అర్థమైంది.

ఫోటో వద్దనడానికి నొచ్చుకోవద్దని అమ్మాయికి చెప్పండి. కెనడా ప్రభుత్వం 1885లో పాట్లాచ్ అనే మూలవాసుల వేడుకను చట్టంతో నిషేధించింది, 1895లో ఆ నిషేధాన్ని మరికొన్ని ఆచారాలకు విస్తరించింది, 1951 దాకా దాన్ని తొలగించలేదు. పక్కన అమెరికాలో మూలవాసుల మత స్వేచ్ఛకు రక్షణగా చట్టం వచ్చినది 1978లో. తాతల కాలంలో దొంగచాటుగా, పిల్లలకు కూడా చెప్పకుండా కాపాడుకున్న నిప్పు అది. అప్పట్లోనే వారి పూజా వస్తువులు మ్యూజియంలకు చేరాయి, వారి ముఖాలు పరాయి పుస్తకాలకెక్కాయి. ఇప్పుడు బయటివారిని పక్కన కూర్చోబెట్టుకోవడమే పెద్ద మనసు.

ప్రశ్న: నేను ములుగు జిల్లాలో ఉపాధ్యాయుడిని. మా బడిలో కోయ పిల్లలు ఎక్కువ. ప్రపంచంలోని మూలవాసులందరికీ పవిత్రమైన నిప్పు ఉన్నదని, మన ఆదివాసులకూ అదే ఉన్నదని పాఠంగా చెప్పాలని అనుకుంటున్నాను. సరైనదేనా?

జవాబు: సర్, మీ ఉద్దేశం మంచిది, కానీ ఆ వాక్యాన్ని పిల్లల ముందు పెట్టవద్దని మనవి. ‘అందరికీ’ అనగానే ఎవరిదీ సరిగా కనిపించకుండా పోతుంది. మీకు కూతవేటు దూరంలోనే మేడారం ఉన్నది. మాఘ పౌర్ణమి వేళ రెండేళ్లకొకసారి జరిగే జాతరలో సమ్మక్క తల్లి చిలకలగుట్ట నుంచి కుంకుమ భరిణె రూపంలో దిగివస్తుంది. కోయ పూజారులు మోసుకొచ్చేది నిప్పును కాదు. ఆదిలాబాద్ వైపు కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు జరిగే నాగోబా పూజకు మెస్రం వంశస్థులు కాలినడకన వెళ్లి తెచ్చేది గోదావరి జలం. అక్కడ నీరు, ఇక్కడ భరిణె. వాటిని నిప్పు పాఠంలో ఇరికించడం ఆ పిల్లల తల్లిదండ్రులకు న్యాయం చేయదు.

అలాగని నిప్పు లేదని కాదు. దీపావళికి ముందు గోండు గూడేలలో తిరిగే గుస్సాడీలు నెమలి ఈకల టోపీతో, ఒంటికి బూడిద పూసుకొని ఆడతారు. హోలీ వేళ వచ్చే దురాడిలో వెదురు గడలను ముసలాయన, ముసలమ్మగా నిలిపి కాలుస్తారు. అందుచేత పాఠం చెప్పడానికి ముందు, మీ ఇంట్లో పండుగనాడు మొదటి పొయ్యి ఎవరు ముట్టిస్తారు, ఎక్కడ ముట్టిస్తారు అని పిల్లలనే అడగండి. వచ్చిన జవాబులే పాఠం.

పోలిక తప్పనిసరి అనుకుంటే న్యూజీలాండు మూలవాసులైన మావోరీలది ఒకటి చెప్పండి. వారిలో ‘అహి కా’ అనే మాట ఉన్నది, మండుతున్న నిప్పు అని అర్థం. ఒక భూమిలో తరతరాలుగా పొయ్యి వెలుగుతూ ఉండటమే ఆ భూమి మీద హక్కుకు గుర్తు. వదిలి వెళ్లిపోయి నిప్పు చల్లారిపోతే హక్కు కూడా చల్లారుతుంది. ఇది మీ పిల్లల ఇళ్లలో వెంటనే అర్థమవుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు భూమికి పట్టా అడిగినప్పుడు, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ ఆ భూమి తమ సాగులో ఉన్నదని చూపించాలి కదా. నిబంధనలలో సాక్ష్యాలుగా ఇల్లు, గుడిసె, బావి, శ్మశానం, పూజా స్థలం కూడా ఉన్నాయి. కాగితం లేని కుటుంబానికి తాత కట్టిన రాళ్ల పొయ్యి, వేల్పు కొలువైన చెట్టు ఎంత విలువైనవో ఆ పిల్లలకు తెలియాలి. ఈ సంగతి తెలియక ఖాళీ చేతులతో గ్రామసభ నుంచి తిరిగి వచ్చినవారిని చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: నిప్పును పవిత్రంగా చూసేవారు అడవికి నిప్పు పెడతారా? ఎండాకాలంలో ఏటూరునాగారం అడవి కాలడం చూస్తే బాధ కలుగుతుంది.

జవాబు: ఇప్పపువ్వు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చినప్పుడు మంట పాకి నష్టం జరగడం నిజమే; చీపురుతో ఊడ్చుకోవడం, నేల మీద వల పరుచుకోవడం మేలు. కానీ నిప్పు పెట్టడమంతా ఒకటి కాదు. ఆస్ట్రేలియా ఆదివాసులు చల్లటి రోజుల్లో, మంచు తడి ఉండగా, చిన్న మంటలతో గడ్డిని ముక్కలు ముక్కలుగా కాలుస్తూ వచ్చారు. ఎండాకాలంలో పెద్ద మంటలకు అందే ఎండుగడ్డి దానివల్ల తగ్గేది. వలస పాలకులు ఆ పద్ధతిని ఆపించారు. ఇప్పుడు అక్కడి అధికారులే కొన్ని చోట్ల ఆ పెద్దలను పిలిచి నేర్చుకుంటున్నారు.

ప్రశ్న: మా ఊరిలో పీర్ల పండుగకు కొట్టం ముందు అలావ తవ్వి నిప్పు వేస్తారు. ‘అస్సోయ్ దూలా’ అంటూ చుట్టూ తిరిగి, ఆ బూడిదను కులం మతం చూడకుండా అందరం నుదుట పెట్టుకుంటాం. ఆ దేశాల మూలవాసులు నిప్పు ఆరిన తరువాత బూడిదను ఏం చేస్తారు? – పరకాల

జవాబు: అనిషినాబే వారు నీళ్లు పోసి ఆర్పరు. కట్టె వేయడం మానుకొని, తనంతట తాను చల్లారేదాకా కాపరి పక్కనే ఉంటాడు. బూడిదను తొక్కుడు పడని చోట పెడతారు. మీ ఊరి అలావ బూడిదను ఇంట్లో గూట్లో దాచుకునేవారికి ఈ జాగ్రత్త కొత్త కాదు.

అయితే బూడిద కథలలో నాకు మరువరానిది మస్కోగీలది. అప్పట్లో అమెరికా దక్షిణాన అలబామా ప్రాంతంలో ఉండిన ఈ మూలవాసుల జాతిలో ప్రతి ఊరికీ ఒక నిప్పు ఉండేది. ఏడాదికొకసారి, కొత్త మొక్కజొన్న చేతికి వచ్చే వేళ, ఇళ్లలోని పాత పొయ్యిలన్నీ ఆర్పి, ఊరి నడుమ కొత్త నిప్పు పుట్టించి, అక్కడి నుంచే ప్రతి ఇంటికీ తీసుకుపోయేవారు. ఆనాడు హత్య తప్ప మిగతా తప్పులు, తగాదాలు మాఫీ అయ్యేవి. 1830లలో అమెరికా ప్రభుత్వం వారిని, చెరోకీలు అనే మరో జాతివారిని, ఇతరులను ఆ నేల నుంచి పడమటికి తరిమివేసింది. ఒక్క చెరోకీలలోనే దాదాపు 4,000 మంది దారిలోనూ శిబిరాలలోనూ ప్రాణాలు విడిచారని అంచనా. మస్కోగీలలో లొచాపోకా అనే ఊరివారు బయలుదేరేటప్పుడు తమ చివరి నిప్పు బూడిదను వెంట తీసుకున్నారు. వందల మైళ్లు నడిచి 1836లో ఆర్కన్సా నది పక్కన ఒక ఓక్ చెట్టు దగ్గర ఆగి, ఆ బూడిదను అక్కడ ఉంచి, దాని మీదే కొత్త నిప్పు వేసుకొని ఊరు కట్టుకున్నారు. ఆ ఊరే ఇప్పటి టల్సా నగరం. చెట్టు ఇంకా ఉన్నది, చుట్టూ చిన్న పార్కు కట్టారు, వారి వారసులు ఇప్పటికీ అక్కడికి వచ్చి వేడుక చేసుకుంటారు.