ప్లేకి టర్కిష్‌లో ఏమంటారు?

ప్రశ్న: యాప్‌లో టర్కిష్ నేర్చుకుంటున్నానండీ, ఇంగ్లీష్ ప్లేకి ఒకచోట ఓయ్నమక్ అని, ఇంకోచోట చల్మక్ అని ఇస్తున్నారు, ఏది కరెక్ట్?

జవాబు: రెండూ కరెక్టేనండీ. ఇంగ్లీష్ వాళ్ళు అన్నిటికీ ప్లే అనేసి ఊరుకుంటారు గానీ మనం ఆట ఆడతాం, వీణ వాయిస్తాం కదా, టర్కిష్‌లో కూడా సేమ్ అంతే. ఆటలకి ఓయ్నమక్, అంటే ఫుట్‌బోల్ ఓయ్నమక్, వాయిద్యాలకి చల్మక్, గితార్ చల్మక్. ఇంకో సరదా ఏంటంటే మనం సినిమా ఆడుతోంది అంటామా, వాళ్ళూ ఫిల్మ్ ఓయ్నుయోర్ అనే అంటారు, సినిమాలో నటించడానికి కూడా ఇదే వాడతారు. వీడియో ప్లే చెయ్యాలంటే మాత్రం ఓయ్నత్మక్, అచ్చం మన ఆడు, ఆడించు లాగే, మధ్యలో ఆ త వచ్చి చేరింది చూడండి. అందుకే ప్లే బటన్ మీద ఓయ్నత్ అని ఉంటుంది.

అసలు తిప్పలంతా చల్మక్‌తోనే. ఫోన్ మోగినా అదే, తలుపు తట్టినా అదే, దొంగతనం చేసినా అదే! కాబట్టి ఎవరైనా గితార్ విషయంలో చల్మక్ అంటే వాయించారా కొట్టేశారా అన్నది సందర్భం చూసి తెలుసుకోవాల్సిందే. చివర్న ఉన్న మక్ అంటే మన ఆడటం, వాయించటంలో టం లాంటిది, కొన్ని క్రియలకి అదే మెక్ అవుతుంది.