బ్యాట్‌మన్ పడ్డాడా, పడలేదా?

క్రిందటి సంచికలో ఎవరో అడిగితే 1943 నాటి బ్యాట్‌మన్ సీరియల్ గురించి రెండు ముక్కలు రాశాను. కొలంబియా సినిమా కంపెనీ వాళ్లు సినిమా హాళ్ల కోసం తీసింది, నలుపు తెలుపు, పదిహేను భాగాలు. బ్యాట్‌మన్ తెరమీదికి రావడం అదే మొదలు. రెండు డిస్కుల డీవీడీగా ఉంది. సీరియల్ అన్నానని అత్తాకోడళ్ల కథ అనుకుని రాసిన వాళ్లూ ఉన్నారు; వాళ్లకి నమస్కారం. మిగతావాళ్లకి జవాబులు ఇవిగో.

ప్ర: మొదటి భాగం చివర రౌడీలు బ్యాట్‌మన్‌ని మేడ మీద నుంచి తోసేశారు. మనిషి తిన్నగా కిందికి పోయాడు. రెండో భాగం పెడితే మధ్యలో పరంజా ఒకటి వేలాడుతోంది, దానిమీద పడి బతికిపోయాడు! ముందు భాగంలో ఆ పరంజా ఊసే లేదు. నా డిస్కులో ఏదైనా ముక్క ఎగిరిపోయిందా?
(తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జ: మీ డిస్కుకి ఏ రోగమూ లేదండీ. మోసం జరిగింది 1943లో. అదీ తెలిసే చేశారు.

ఈ సీరియళ్లు అమెరికాలో ఎక్కువగా శనివారం మధ్యాహ్నం ఆటల్లో, అసలు సినిమాతో కలిపి వేసేవాళ్లు. వారానికి ఒక భాగం, పావుగంట పైచిలుకు. మొదటిది మాత్రం కాస్త పొడుగు. పై శనివారం పిల్లలు మళ్లీ టికెట్టు కొనాలంటే ప్రతి భాగం చివరా హీరోని చంపెయ్యాలి, వారం తిరిగేసరికి బతికించాలి. వారం రోజుల బడి, ఆటలు, దెబ్బలాటలు అయ్యాక ఆ కుర్రాడికి బ్యాట్‌మన్ పడ్డాడన్నది గుర్తుంటుంది గానీ, కింద పరంజా ఉందో లేదో ఏం గుర్తుంటుంది? పదిహేను వారాల వ్యాపారం ఆ మతిమరుపు మీదే నడిచింది. మీరేమో మొదటి భాగం అయిన మరుక్షణం రెండోది పెట్టేశారు. దొంగ దొరక్క ఏం చేస్తాడు?

కుర్రతనంలో నేను ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దేవాణ్ణి. మా సీరియల్ రచయిత ఒకాయన ఆఖరి పేరాలో హీరోయిన్ వీపు మీదికి కత్తి ఎత్తించి ‘ఇంకా ఉంది’ అనేవాడు. పై వారం కాగితాలు వచ్చేసరికి ఆ కత్తి కూరగాయలు తరిగే కత్తి అయ్యేది, ఎత్తిన మనిషి వంటావిడ అయ్యేది. నేను పాత సంచిక తీసి చూపిస్తే ఆయన నవ్వి, “పాత సంచిక నీ దగ్గరే ఉంటుందయ్యా, పాఠకుల దగ్గర ఎప్పుడో పొట్లాలకి పోయింది” అనేవాడు. డీవీడీ వచ్చాక అందరి దగ్గరా పాత సంచిక ఉంది. అంతే తేడా.

అయితే ఈ మోసంలోనూ పనితనం ఉంటుంది. ఇలాంటి సీరియళ్లే తీసిన రిపబ్లిక్ కంపెనీలో విలియం విట్నీ, జాన్ ఇంగ్లిష్ అనే దర్శకుల జంట తీసినవి చూడండి. బండి లోయలో పడకముందే హీరో దూకే షాటు పై భాగంలో ఎక్కడ అతికించాలో వాళ్లకి కొలత తెలుసు. మన బ్యాట్‌మన్ సీరియల్‌కి ఆ ఓపిక తక్కువ. చాలాసార్లు పేలుడు, పొగ, కూలిన గోడ; పై భాగంలో ఆయన దుమ్ము దులుపుకుని లేస్తాడు. ఎలా బతికాడని అడగకూడదు. పరంజా పెట్టిన చోట వాళ్లు కష్టపడ్డట్టే లెక్క.

రోజుకి ఒక భాగం చొప్పున చూడండి, రెండోది కావాలనిపించినా ఆపెయ్యండి. ఒక్క బిగిన చూస్తే ఏమవుతుందో 1965లో తేలింది. పదిహేను భాగాలూ కలిపి నాలుగు గంటల పైచిలుకు ఆటగా మళ్లీ విడుదల చేస్తే, కాలేజీ కుర్రాళ్లు వెళ్లి పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మరుసటి జనవరికల్లా అమెరికా టీవీలో ఇంకో బ్యాట్‌మన్ దిగాడు, ఆయన కావాలనే నవ్వించేవాడు.

ప్ర: మా మనవడికి ఎనిమిదేళ్లు, బ్యాట్‌మన్ అంటే ప్రాణం. మా అబ్బాయి ఈ డీవీడీ అమెరికా నుంచి తెచ్చి, “ఇందులో జపాన్ వాళ్ల మీద మాటలు బాగోలేవు, ముందు నువ్వు చూడు” అన్నాడు. పిల్లవాడికి చూపించొచ్చా?
(హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు)

జ: మీ అబ్బాయి జాగ్రత్త మంచిదేనమ్మా. ఈ సీరియల్ రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా వచ్చింది. ఇందులో బ్యాట్‌మన్ తన ఇష్టం వచ్చినట్టు తిరిగేవాడు కాదు, వాషింగ్టన్ ఆదేశాల మీద పనిచేసే రహస్య ఏజెంటు. విలన్ డాక్టర్ డాకా జపాన్ గూఢచారి. సంతలో పిల్లల్ని జడిపించే మైనపు బొమ్మల గుహ ఒకటి ఉంటుంది. బొమ్మలన్నీ జపాన్ వాళ్ల దురాగతాలు చూపించేవే. దాని వెనకాల డాకా స్థావరం. మనుషుల్ని పట్టుకొచ్చి తలకి లోహపు టోపీ తగిలించి, మైకులో చెప్పినట్టు ఆడే కీలుబొమ్మలుగా మారుస్తుంటాడు. వేషం వేసిన జె. కారల్ నాయిష్ ఐరిష్ సంతతి అమెరికన్. కళ్ల చుట్టూ మేకప్ పెట్టి, మాట సాగదీసి చేశాడు. నటుడు గట్టివాడే, అందుకే ఇంకా చేదుగా ఉంటుంది.

అసలు ముల్లు మొదటి భాగంలోనే ఉంది. కెమెరా ‘లిటిల్ టోక్యో’ అనే ఖాళీ వీధి చూపిస్తుంటే వెనక నుంచి వ్యాఖ్యాత గొంతు, తెలివైన ప్రభుత్వం ఇక్కడి జపనీయుల్ని ఏరిపారేసిందని మెచ్చుకుంటుంది. వాళ్ల కళ్ల గురించి ఒక వెకిలి మాట కూడా అంటుంది. ఆ వీధి ఎందుకు ఖాళీ అయిందంటే, 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఇచ్చిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపాన్ సంతతి వాళ్లని సుమారు 1,20,000 మందిని ఇళ్లలోంచి తీసి ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికా పౌరులే, అక్కడే పుట్టినవాళ్లే.

వీడియో క్యాసెట్ల కాలంలో ఈ మాటల్ని కత్తిరించి, కొన్నిచోట్ల కొత్త గొంతుతో మెత్తని మాటలు చెప్పించారు. కొలంబియాని 1989లో కొన్నది జపాన్ కంపెనీ సోనీ అని గుర్తుచేసి ఊరుకుంటాను. విచిత్రం ఏమిటంటే, 2005లో పాత మాటలు పాత గొంతులోనే వినిపించే డీవీడీ వేసిందీ సోనీ వాళ్లే. నాకు ఈ పనే నచ్చింది. మాటలు మార్చిన క్యాసెట్ చూసినవాడికి 1943లో థియేటర్ నిండా పిల్లలు ఏం విన్నారో తెలిసే దారి లేదు.

చూపించండి, కానీ పిల్లవాణ్ణి ఒంటరిగా టీవీ ముందు వదలకండి. వీధి ఖాళీగా కనబడే చోట బొమ్మ ఆపి, ఆ ఇళ్లవాళ్లు ఎక్కడికి పోయారో మీరే చెప్పండి. ఎనిమిదేళ్లవాడికి అర్థమవుతుంది. అడగాల్సిన ప్రశ్న వాడే అడుగుతాడు.

ప్ర: బ్యాట్‌మన్ కారు, అదే బ్యాట్‌మొబైల్, ఏది? నేను వెతికి వెతికి అలసిపోయాను.
(సికిందరాబాద్ నుంచి, ఏడో తరగతి)

జ: లేదు బాబూ. కంపెనీ దగ్గర డబ్బు లేదు. ఒక నల్ల కెడిలాక్ కారు ఉంది, దాన్ని నడిపేది పనివాడు ఆల్‌ఫ్రెడ్. పైకప్పు మూసి ఉంటే లోపల బ్యాట్‌మన్, తీసి ఉంటే బ్రూస్ వేన్, అంటే ముసుగు లేని బ్యాట్‌మనే. అంత రహస్యం!

ప్ర: మా ప్లేయర్‌లో ‘రీజియన్ తప్పు’ అని వస్తోంది. కంప్యూటర్‌లో పెడితే ఆడింది గానీ, బ్యాట్‌మన్ గుమ్మడికాయలా ఉన్నాడు.
(రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు)

జ: ఒక ప్రాంతం డీవీడీ ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకుండా వేసిన తాళమే ఈ రీజియన్. అమెరికా డీవీడీ రీజియన్ 1, మన దేశానిది 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ అని అడిగి కొనుక్కోండి. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్ మార్చుకోవచ్చు గానీ సాధారణంగా ఐదుసార్లే. ఐదోసారి ఏది పెడితే అదే ఖాయం, తర్వాత ఏడ్చినా మారదు. గుమ్మడికాయ సంగతి వేరే. ఆ కాలపు బొమ్మ దాదాపు చదరం, 4:3. దాన్ని వెడల్పు తెర నిండా సాగదీశారు. సెట్టింగుల్లో 4:3 పెట్టి, పక్కన నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. అప్పటికీ నడుం దగ్గర కాస్త వదులుగా కనిపిస్తే తప్పు బట్టలు కుట్టినవాడిది. హీరో లూయిస్ విల్సన్‌కి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. జేమ్స్ బాండ్ సినిమాలు నిర్మించిన మైకేల్ జి. విల్సన్ ఆయన కొడుకే.

ప్ర: ఇప్పటి బ్యాట్‌మన్ సినిమాలు చూసిన కళ్లతో ఈ చవకబారు సీరియల్ ఎందుకు చూడాలి?
(విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జ: చవకబారే, కాదనను. కానీ బ్యాట్‌మన్ ఇంట్లో నిలువెత్తు గడియారం వెనక నుంచి ఆయన రహస్య గుహలోకి దారి ఉంటుంది చూశారూ, అది పుట్టింది ఈ చవకబారు సెట్టులోనే. గుహ అంటే ఒక బల్ల, వెనక రాతి గోడ, గోడ మీద గబ్బిలం బొమ్మ, ఎగిరే గబ్బిలాల నీడలు. పట్టుకొచ్చిన దొంగ ఆ నీడలకే వణికి నిజం కక్కేస్తాడు. ఆ దృశ్యం మాత్రం ఇప్పటికీ బాగుంటుంది. ఇక ఆల్‌ఫ్రెడ్. కామిక్స్‌లో ఆయన లావుపాటి మనిషి, మీసం లేదు. సీరియల్‌లో సన్నటి విలియం ఆస్టిన్ మీసంతో వేశాడు. దాంతో కామిక్స్ వాళ్లు 1944లో పాపం ఆల్‌ఫ్రెడ్‌ని ఒళ్లు తగ్గించుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి పంపి, మీసంతో వెనక్కి తెచ్చారు. మీరు సినిమాల్లో చూసే సన్నటి ఆల్‌ఫ్రెడ్‌లు ఆ వంశమే.

ప్ర: పద్నాలుగు భాగాలు చూశాను. ఊరెళ్తున్నాను, ఆఖరిది చూసే వీలు లేదు. డాకా ఏమవుతాడో చెప్పేయండి, ప్లీజ్.
(నెల్లూరు నుంచి ఒక పాఠకుడు)

జ: చెప్పను. డాకా గదిలో నేలకి ఒక తలుపుంది, దాని కింద మొసళ్లున్నాయి. పదిహేను భాగాల కథలో మొసళ్లని ఊరికే మేపరు.