ఆవేశం ఎవరిది?

సందేహం: సైన్స్ ఫిక్షన్ కథ ఒకటి రాస్తున్నాను. నక్షత్రనౌకలో ఉన్న ఒక నావికుడి మనసును ఎక్కడో దూరాన ఉన్న పరజీవి తన ఆలోచనాబలంతో లోబరచుకుంటుంది. నౌకలోని వైద్యురాలు అతన్ని కాపాడుతుంది. మొదట 'వైద్యురాలు ఒక సిబ్బందికి జరిగిన మానసిక దాడికి చికిత్స చేసింది' అని రాశాను. నచ్చక 'ఆవేశంలో ఉన్న నావికుడికి చికిత్స చేసింది' అని మార్చాను. ఆవేశం అంటే కోపం కదా, అతనికి కోపం ఎందుకొచ్చిందని మిత్రులు అడుగుతున్నారు. ఆవేశం సరైన మాటేనా? ఆవహించడం, పూనడం, పట్టడం, సోకడం వీటిలో ఏది వాడాలి?

సమాధానం: మీరు మార్చి రాసిన మాట మంచిది. వాక్యంలో దాన్ని కూర్చోబెట్టిన చోటే బాగాలేదు. మీ మిత్రులు చెప్పింది వాడుకలో ఉన్న అర్థమే. అయితే ఆవేశం అనే మాటను కోపానికీ, వేదికల మీద గొంతు పెంచడానికీ వదిలేసి మనం పెద్ద నష్టమే తెచ్చుకున్నాం.

'ఆ' ఉపసర్గ, 'విశ్' ధాతువు. విశ్ అంటే లోపలికి పోవడం, చొచ్చడం. ప్రవేశం, అభినివేశం, సమావేశం కూడా ఈ ధాతువు నుంచి వచ్చినవే. కాబట్టి ఆవేశం అంటే ఒకటి మరొకదానిలోకి చొరబడడం. ఇక్కడ కర్త ఎవరో చూడండి. చొరబడేది కర్త, చొరబాటుకు లోనైన మనిషి కర్మ. ఇవాళ మనం 'అతనికి ఆవేశం వచ్చింది' అంటున్నాం. వచ్చినవాడెవడో వాక్యంలోంచి తప్పుకున్నాడు, బాధపడ్డవాడి మీదికి నేరమంతా వచ్చిపడింది. మీ కథలో వైద్యురాలు మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న 'ఇతనిలో ఉన్నది ఎవరు' అన్నదే కదా. భాషే ఆ ప్రశ్నను మింగేస్తే కథ ఎలా నడుస్తుంది?

మీ కథకు మూలపురుషుడు నలుడు. శ్రీనాథుడి శృంగార నైషధంతో ఆగిపోయినవారికి నలుడంటే హంస, స్వయంవరం, వర్ణనలు. అసలు వేదన తెలియాలంటే భారతం అరణ్యపర్వంలోకి వెళ్లాలి. తెలుగులో ఆ భాగం నన్నయ చేతి మీదుగా వచ్చింది. నలుడు ఒకనాడు కాళ్లు కడుక్కోకుండా సంధ్యకు కూర్చున్నాడు. ఆ సందు కోసమే కలి కాచుకుని ఉన్నాడు. వ్యాసుడు అంటాడు: 'తత్రైనం కలిరావిశత్'. అక్కడ ఇతణ్ణి కలి ఆవేశించాడు. కర్త కలి, కర్మ నలుడు. ఎంత స్పష్టంగా ఉందో చూడండి.

తర్వాత పాచికలాట, రాజ్యం పోవడం, అడవి. నిద్రపోతున్న దమయంతిని వదిలి నలుడు నాలుగడుగులు వేస్తాడు, వెనక్కి వస్తాడు, మళ్లీ వెళ్తాడు. కలి ముందుకు లాగుతున్నాడు, ప్రేమ వెనక్కి లాగుతోంది. హృదయం రెండుగా చీలినట్టయిందనీ, ఊయలలా పోతూ వస్తూ ఉన్నాడనీ మూలం. పరాయి మనసు లోపల ఉన్న మనిషి ఎలా ఉంటాడో ఇంతకన్నా దగ్గరగా చూపిన చోటు నాకు తెలియదు. ఆ మనిషిలో కోపం ఎక్కడుంది?

ఇక వైద్యం. కార్చిచ్చులో చిక్కుకున్న కర్కోటకుణ్ణి నలుడు ఎత్తుకుని బయటపడేస్తాడు. అడుగులు లెక్కపెడుతూ నడవమంటాడు నాగరాజు. పదో అడుగులో కాటు వేస్తాడు. సంస్కృతంలో 'దశ' అంటే పది, 'కాటు వెయ్యి' అని కూడా. నలుడి రూపం మారిపోతుంది. కానీ ఆ విషం బాధించేది నలుణ్ణి కాదు, లోపల కాపురం పెట్టిన కలిని. విడిచిపెట్టేదాకా వాడు నీలో దుఃఖంతోనే ఉంటాడని కర్కోటకుడు మాట ఇస్తాడు. రోగికి హాని చేయకుండా లోపలివాణ్ణి మాత్రమే కాల్చే మందు! మీ వైద్యురాలికి ఇంతకన్నా ఏం కావాలి?

అయినా విషం ఒక్కటే సరిపోలేదు. కలి బాధపడ్డాడే తప్ప కదల్లేదు. అయోధ్య రాజు ఋతుపర్ణుడు తాండ్రచెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి, నలుడికి అక్షహృదయం, అంటే పాచికల మర్మం తెలిపే విద్య, నేర్పాడు. ఆ విద్య మనసుకు పట్టిన క్షణంలోనే కలి కర్కోటక విషాన్ని కక్కుతూ బయటికొచ్చాడు. నలుడితో మాట్లాడాడు, వేడుకున్నాడు. పక్కనే ఉన్నవాళ్లకు మాత్రం కనబడలేదు. మందు శత్రువును బలహీనపరిచింది, రోగి సొంత జ్ఞానం వాణ్ణి తరిమింది. మీ కథలో చికిత్స ఘట్టం రాసేముందు ఈ రెండు మెట్లూ ఒకసారి తప్పక చదవండి.

వైద్య గ్రంథాలు కూడా కర్తను వదల్లేదు. చరకుడు ఉన్మాదాన్ని అయిదు రకాలు చేసి, అయిదోదాన్ని 'ఆగంతువు' అన్నాడు, అంటే బయటినుంచి వచ్చింది. ఎవరు ఎలా వస్తారో ఒక్కొక్కరికీ ఒక్కో క్రియ ఇచ్చాడు. దేవతలు చూపుతో, గురువులూ సిద్ధులూ శాపంతో, గంధర్వులు స్పర్శతో, యక్షులు లోపలికి ప్రవేశించి, రాక్షసులు తమ ఒంటి వాసన చూపించి, పిశాచాలు మనిషి మీద ఎక్కి సవారీ చేసి ఉన్మాదం పుట్టిస్తారట. యక్షుల గురించి ఆయన వాడిన మాట 'సమావిశంతః'. మన సమావేశానికి ఆ మాట చుట్టమే. తనను తాను క్లేశపెట్టుకోని మనిషిని వీళ్లెవరూ బాధించలేరని కూడా అదే చరకుడు అన్నాడు. అంతమంది నావికుల్లో ఈ ఒక్కడే ఎందుకు దొరికాడో మీరు ఆలోచించి ఉండకపోతే అక్కడ మొదలుపెట్టండి. సుశ్రుతుడు ఇంకా కఠినుడు. దేవాదులు స్వయంగా మనుషులను ఆవేశించరనీ, ఆవేశిస్తారని మోహంతో చెప్పేవారిని భూతవిద్య (ఇలాంటి బాధలకు చికిత్స చెప్పే ఆయుర్వేద శాఖ) నుంచి దూరంగా పెట్టాలనీ అన్నాడు. ఆయన లెక్కలో చొరబడేది వాళ్ల అనుచరగణం.

మీరడిగిన మిగతా మాటలు. ఆవాహన అంటే రమ్మని పిలవడం. పిలవకుండా వచ్చిన శత్రువుకు 'ఆవహించింది' అనడం మూలాన్ని బట్టి పొసగదు, వాడుకలో చెల్లిపోతోంది. పూనడంలో పూనుకోవడం, పూనిక ఉన్నాయి, అందులో మనిషి ఇష్టం కొంత కలిసి ఉంటుంది. సోకడం పైపైన తగలడం, పరజీవి మొదటిసారి అతని మనసును తాకినప్పటికి సరిపోతుంది. పట్టడం తెలుగులో గట్టి మాట, సంస్కృతంలో గ్రహమంటే కూడా పట్టుకునేదే. కాకపోతే నక్షత్రనౌక కథలో 'గ్రహం పట్టింది' అంటే పాఠకుడు తికమకపడతాడు.

ఇక మీ మొదటి వాక్యం. సిబ్బంది సమూహవాచకం, 'ఒక సిబ్బంది' ఉండరు. ఈ తప్పు ఇప్పుడు వార్తల్లో రోజూ వినబడుతోంది, విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. చికిత్స రోగానికో రోగికో చేస్తారు, దాడిని తిప్పికొడతారు. 'మానసిక దాడి' అంటే మనసుతో చేసిందా, మనసు మీద చేసిందా? ఇప్పటి వాడుకలో నాలుగు పరుషమైన మాటలన్నా మానసిక దాడే అంటున్నారు. 'దాడికి గురికాబడ్డాడు' అని మాత్రం దయచేసి దిద్దకండి. 'గురయ్యాడు' ఉండగా ఆ 'బడు' ఎందుకు?

నన్నడిగితే కథనంలో 'ఆ పరాయి మనసు నావికుణ్ణి ఆవేశించింది' అని రాయండి. కర్తను ముందు పెడితే ఎవరూ కోపమనుకోరు. ఇలా ఒకసారి అర్థం స్థిరపడితే, తర్వాత 'ఆవిష్టుడు' (ఆవేశానికి లోనైనవాడు) అన్నా చెల్లుతుందనే అనుకుంటున్నాను. సంభాషణల్లో వైద్యురాలి నోట ఆవేశించడం కృతకంగా వినిపించవచ్చు. 'ఎవరో ఇతని మనసులోకి చొరబడ్డారు' అంటే చాలు. చొచ్చు, చొరబడు అచ్చంగా విశ్ ధాతువు పనిని చేసే తెలుగు మాటలు. రెండింటిలో ఒక్కటే ఉంచమంటే మాత్రం నేను తేల్చలేను, అది మీ కథ గొంతును బట్టి ఉంటుంది. 'మనోచొరబాటు' అని సమాసం చేయాలనిపిస్తే ఆ కోరిక మానుకోండి.