జపాన్ క్లయింట్ కాల్‌లో "హై, హై" అన్నారు, తర్వాత ఒప్పుకోలేదన్నారు. తేడా ఎక్కడొచ్చింది?

డిజైన్ మార్పు వివరిస్తున్నంతసేపూ టోక్యో వాళ్ళు "హై, హై" (జపనీస్‌లో 'అవును, అవును') అన్నారని, రెండు రోజుల తర్వాత "మేం ఒప్పుకోలేదే" అని మెయిల్ పెట్టారని మీ ప్రశ్న. వాళ్ళు మాట మార్చలేదు. అలా మధ్యమధ్యలో వచ్చే 'హై' మనం కథ వింటూ ఊకొట్టడం లాంటిది. "వింటున్నాను, చెప్పండి" అని దాని అర్థం. దీన్నే వాళ్ళు ఐజుచి అంటారు. 'నరుహోదొ' (ఓహో, అలాగా), 'సో దెస్ నె' (అవునండీ) కూడా చాలాసార్లు ఊకొట్టడమే.

వాళ్ళ 'కాదు' ఎలా ఉంటుందో పట్టుకోవాలి. "ముజుకషీ దెస్", అంటే కష్టమండీ అంటే, మన చెవికి 'కాస్త కష్టపడితే అవుతుంది' అని వినపడుతుంది. చాలావరకు అది కాదనే. "కెంతో షిమాస్", పరిశీలిస్తాం అన్నది మన 'చూద్దాం లెండి'కి దగ్గరి చుట్టం. "చోత్తో...", అంటే 'కొంచెం...' అని వాక్యం మధ్యలో వదిలేసినా, పళ్ళ సందుల్లోంచి సుయ్‌మని గాలి పీల్చినా ఏదో ఇబ్బంది ఉన్నట్టే. సరిగ్గా అప్పుడే మనవాళ్ళు ఆ మౌనం భరించలేక ఇంకో స్లైడ్ తెరుస్తారు. తెరవొద్దు. మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టి, "ఇబ్బంది తేదీతోనా, ఖర్చుతోనా, టెస్టింగ్‌తోనా?" అని అడగండి. 'ఓకేనా?' అని అడిగితే మళ్ళీ 'హై'యే వస్తుంది.

ఇక మన తల సంగతి. 'సరే' అనడానికి మనం తలను పక్కకి వాలుస్తాం. జపాన్‌లో తల పక్కకి వాల్చడం 'ఏమో, నమ్మకం కుదరట్లేదు' అనడానికి. మీ లీడ్ కెమెరాలో నవ్వుతూ ఒప్పుకుంటుంటే అవతల అనుమానం కనపడుతుంది. తల కిందికి ఊపాలి, నోటితో కూడా చెప్పాలి: "20వ తేదీకి ఇస్తాం."

"టెస్టింగ్ అవ్వలేదా?" లాంటి ప్రశ్నలు ఇంగ్లీషులో అసలు వేయకండి. "ఆఁ, అవ్వలేదు" అని మనమూ వాళ్ళూ ఒకేలా ఆలోచిస్తాం కానీ, మధ్యలో ఉన్న ఇంగ్లీషులో 'యెస్' అంటే అయిపోయిందని. "ఎంతవరకు అయింది?" అని అడిగితే గొడవే లేదు.

నిర్ణయం కాల్‌లోనే తేలాలనుకోవడం ఇంకో పొరపాటు. అక్కడ సమావేశానికి ముందే ఒక్కొక్కరితో విడిగా మాట్లాడి ఒప్పించుకుంటారు. దానికి నెమవాషి అని పేరు, చెట్టును వేరేచోట నాటే ముందు వేళ్ళ చుట్టూ తవ్వినట్టు. కాబట్టి మార్పు వివరం రెండు మూడు రోజుల ముందే పంపి, అభ్యంతరాలు రాతలో అడగండి. చదివి రాయడం మాట్లాడినంత ఇబ్బంది కాదు చాలామందికి. కాల్ అయిన రోజే మినిట్స్ పంపండి: తేలినవి, తేలనివి, ఎవరు ఎప్పటికి. టైమ్ రెండు చోట్లదీ రాయండి. మనకి మధ్యాహ్నం 2:30 అయితే టోక్యోలో సాయంత్రం 6:00.

మన వైపు సరిచేసుకోవాల్సింది "అయిపోతుంది సార్". ఆలస్యం వాసన తగిలిన రోజే చెప్పాలి, అదీ ఇలా: "ఐదు స్క్రీన్లలో మూడు అయ్యాయి. లాగిన్ బగ్ రేపు తేలితే గురువారం ఇస్తాం, తేలకపోతే సోమవారం."