400 ప్రాబ్లమ్స్ చేశాను, అయినా రిజెక్ట్ ఎందుకు?

ప్రశ్న: 2022లో బీటెక్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఒక సర్వీస్ కంపెనీలో, సపోర్ట్ ప్రాజెక్టులో పనిచేస్తున్నాను. ఏడాదిన్నరగా రోజూ లీట్‌కోడ్ వెబ్‌సైట్‌లో కోడింగ్ ప్రాక్టీస్ చేస్తున్నాను, 400 ప్రాబ్లమ్స్ దాటాయి. రెండు పెద్ద కంపెనీల ఇంటర్వ్యూల్లో కోడ్ సరిగ్గానే రాసినా రిజెక్ట్ చేశారు. ఉద్యోగం మానేసి కోచింగ్‌లో చేరమని నాన్నగారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు నన్నొకటి అడగనివ్వండి. ఆ 45 నిమిషాల్లో మీరు ఎంతసేపు మాట్లాడారు?

మీలాంటివాళ్లకు మాక్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. ప్రాబ్లమ్ ఇవ్వగానే తల దించేస్తారు. పది నిమిషాలు కీబోర్డు చప్పుడు తప్ప ఏమీ వినపడదు. ఆ తర్వాత “అయిపోయింది సర్”. తప్పు వాళ్లది కాదులెండి, ఒకటో తరగతి నుంచీ పరీక్ష హాల్లో నోరు తెరిస్తే బయటికి పంపించాం కదా!

గూగుల్‌లో ఇంటర్వ్యూ చేసిన మనిషి ఒక్కరే మీ సంగతి తేల్చరు. జరిగినదంతా రాసి ఇస్తారు, మిమ్మల్ని ఎప్పుడూ చూడని హైరింగ్ కమిటీ అది చదువుతుంది. అమెజాన్‌లో అయితే ఇంటర్వ్యూ చేసినవాళ్లందరూ తర్వాత కూర్చుని చర్చిస్తారు. చేర్చుకునే ప్రమాణం తగ్గకుండా చూడటానికి వేరే టీమ్ నుంచి వచ్చే ‘బార్ రైజర్’ కూడా అందులో ఉంటారు. మీరు మౌనంగా ఉంటే వాళ్లు మీ గురించి ఏం రాస్తారు?

అందరికీ తెలిసిన టూ సమ్ తీసుకోండి: కూడితే టార్గెట్ వచ్చే రెండు నంబర్లు వెతకాలి. అర్రేలో, అంటే నంబర్ల వరుసలో, 3, 5, 8 ఉన్నాయి, టార్గెట్ 10. కోడ్ మొదలుపెట్టే ముందే “ఒకే ఎలిమెంట్‌ని రెండుసార్లు వాడొచ్చా?” అని అడగండి. వాడకూడదంటే ఇక్కడ జవాబు లేదు. కానీ తొందరలో ముందు ఎలిమెంట్‌ని మ్యాప్‌లో (చూసినవి గుర్తుపెట్టుకునే పట్టికలో) పెట్టి, తర్వాత వెతికితే, 5 తన జతగా తననే చూపించేస్తుంది. ముందు వెతికి, తర్వాత పెట్టాలి. ఈ మాట పైకి అంటూ ఆ రెండు లైన్లు సరిచేశారనుకోండి, అవతలివాళ్లకి రాసుకోవడానికి మంచి విషయం దొరికినట్టే. రెండు లూప్‌లతో ఎన్ స్క్వేర్ (నంబర్లు ఎన్ని ఉంటే దాని వర్గమంత పని) అవుతుందని, మ్యాప్‌తో ఒక్కసారి తిరిగితే చాలని, దానికి మెమరీ ఎక్కువ పడుతుందని కూడా చెప్పండి.

ఇంగ్లిష్‌ గురించి టెన్షన్ వద్దు. వారం రోజులు ఇంట్లో తెలుగులోనే పైకి అనుకుంటూ చేయండి, తర్వాత అవే మాటలు చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో. ఫోన్‌లో రికార్డ్ చేసి వినండి. మొదటిసారి సిగ్గేస్తుంది, తప్పదు.

ఇక రెండో లోపం, మనవాళ్లలో మరీ ఎక్కువ. “మేము చేశాం సర్” అంటారు. వినయమే, కానీ అమెజాన్‌లో కోడింగ్ రౌండ్లలో కూడా లీడర్‌షిప్ ప్రిన్సిపుల్స్, అంటే ఆ కంపెనీ పని సూత్రాల మీద ప్రశ్నలుంటాయి. అక్కడ “అందులో మీరేం చేశారు?” అని తవ్వుతారు. సపోర్ట్ ప్రాజెక్టులో చెప్పడానికి ఏముంటుందని అనుకోకండి. రాత్రి బ్యాచ్ జాబ్ ఆగిపోయినప్పుడు లాగ్స్‌లో ముందు ఏం చూశారు, ఏది అనుమానించారు, మళ్లీ ఆగకుండా ఏం మార్చారు? అక్కడికెళ్లాక చేసే పనీ చాలావరకు ఇదే: ఇంకొకరి కోడ్ చదవడం, కోడ్ రివ్యూలో మాట పడటం, ఆన్‌కాల్ డ్యూటీలో సిస్టమ్ ఆగిపోయిందని అర్ధరాత్రి పేజర్ మోగితే లేవడం. కొత్త కోడ్ రాసే గంటలు మీరు ఊహించినంత ఉండవు.

నాన్నగారి మాట: ఉద్యోగం మానొద్దు. మీకు తెలియనిది సబ్జెక్టు కాదు కాబట్టి కోచింగ్ మళ్లీ ఆ 400 ప్రాబ్లమ్సే చేయిస్తుంది. పైగా జీతం ఆగితే ప్రతి ఇంటర్వ్యూ చావో రేవో అయిపోతుంది, అప్పుడు గొంతు ఇంకా పెగలదు. కొత్త ప్రాబ్లమ్స్ తగ్గించండి. చేసిన ప్రాబ్లమ్ ఒకదాన్ని ఆదివారం ఒక స్నేహితుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కంపైలర్ లేకుండా, మాట్లాడుతూ చేయండి. మళ్లీ అప్లై చేయడానికి కంపెనీని బట్టి కొన్ని నెలలు ఆగమంటారు. ఈ అలవాటుకి ఆ నెలలు సరిపోతాయి.