చిన్నపిల్లలకు లెక్క నేర్పబోతున్న మా అమ్మాయికి

చిన్నీ,

నువ్వు చిన్నపిల్లల బడిలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది, కొంచెం టెన్షన్‌గానూ ఉంది. పెద్దపిల్లలైతే నువ్వు తప్పు చెబితే ఎదురడుగుతారు. నాలుగేళ్ల వాళ్లు ఏం చెబితే అది నమ్మేస్తారు.

అంకెలు రాయించడానికి తొందరపడకు. వేళ్ల మీద లెక్కపెడితే వద్దనకు. ఈ రెండూ నీకు తెలిసినవే.

అసలు భయం వేరే. నువ్వు మాట నేర్చిన కొత్తలోనే ఒకటి నుంచి వంద దాకా గడగడా అప్పజెప్పేదానివి. ఇంటికి ఎవరొచ్చినా నిన్ను నిలబెట్టి చెప్పించేవాళ్లు. ఒకరోజు బొత్తాలు ముందేసి ‘ఐదు ఇవ్వమ్మా’ అంటే గుప్పెడు తీసిచ్చావు. వంద వచ్చినదానికి ఐదు రాదా అని మీ నాన్న కసిరాడు. నువ్వు ఏడ్చి నా వెనక దాక్కున్నావు, పిచ్చిపిల్లా! నీకు వచ్చింది పాట, లెక్క కాదు. ఆ తేడా ఇప్పటికీ చాలామంది పట్టించుకోరు.

వస్తువుకి ఒక్క అంకె చొప్పున, ఏదీ వదలకుండా, దేన్నీ రెండుసార్లు ముట్టకుండా చెప్పాలి. అయ్యాక ‘మొత్తం ఎన్ని?’ అని అడుగు. పిల్ల మళ్లీ మొదట్నుంచి మొదలుపెడితే, చివర పలికిన అంకే జవాబని ఇంకా అందలేదన్నమాట. అప్పుడు ‘రెండు ఇవ్వు’, ‘మూడు ఇవ్వు’ అని అడుగుతూ ఉండు. ఒకటి అర్థమయ్యాక రెండు, రెండు తర్వాత మూడు, మధ్యలో నెలలు గడుస్తాయి. నువ్వు కసరావని తెలిస్తే మాత్రం ఊరుకోను.

పోలిక దగ్గర ఇంకో చిక్కుంది. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన పియాజే ప్రయోగం శిక్షణలో చదివే ఉంటావు: సమానంగా ఉన్న రెండు వరుసల్లో ఒకదానిలోని వస్తువుల్ని ఎడంగా జరిపితే, అందులోనే ఎక్కువున్నాయంటారు పిల్లలు. వాదించకు. ఒకదాని ఎదురుగా ఒకటి పెట్టించు, జత లేనిది మిగిలిందేమో వాళ్లనే చూడమను. ముందు రెండు, తొమ్మిది లాంటి దూరపు అంకెలు ఇవ్వు. ఎనిమిది, తొమ్మిది లాంటి దగ్గరివి తర్వాత చూసుకోవచ్చు. ‘ఎక్కువ ఏది?’ అని మాత్రమే అడిగి వదిలేస్తారు అందరూ. ‘తక్కువ ఏది?’ అన్నదే వాళ్లకు కష్టం, అదీ అడుగు. ఎక్కువ, తక్కువ గుర్తులు (>, <) మాత్రం చిట్టచివర. కాకి ముక్కు ఎటు తిరిగిందో కంఠస్థం చేయిస్తే లెక్క రాదు.

ఇంకొకటి. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు. గింజలు, పూసలు ఇవ్వకు. ముక్కులో దోపుకుంటారు, మింగేస్తారు. గుప్పిట్లో ఒక్కటే పట్టేంత చెక్కముక్కలు వాడు. పాఠం అయ్యాక వాళ్లచేతే లెక్కపెట్టించి డబ్బాలో వేయించు. ఒక్కటి తగ్గినా, దొరికేదాకా ఎవర్నీ ఇంటికి పంపకు.

మీ అత్త